కొమ్ముకు చిక్కిన తీగ

ఉర్హో ఇచ్చిన గేలం కర్ర ఇది,
మడిస్తే మూరన్నర, సాగదీస్తే పది మీటర్లు.
దీంతో ఒక్క చేపనూ పట్టలేదు నేను.
సన్నటి రాగితీగను దాని వెంట పైకెక్కించి
కొసను గాలికి వదిలేస్తే యాంటెన్నా.
అంతే పొడవు తీగ ఇంకొకటి
కింద నాచులో పడుకునుంటుంది,
దాని సంగతి ఎవరూ అడగరు.

తీగన్నాక పందిరి కావాలి.
ఇనారి సరస్సుకి ఎగువన, ఈ గుట్ట మీద
చెట్లు భుజాల దాకా పెరిగి
ఇక చాలనుకుంటాయి.
వంకర బర్చి చెట్లు, వాటి కింద మోకాలెత్తు పొదలు.
అందుకే పందిరిని వీపున మోసుకొచ్చాను.

సెప్టెంబరు మొదటి వారం.
గుడారం ముందు కాఫీ పొంగి స్టవ్ ఆరిపోయింది.
తొడకు తోలుపట్టీతో కట్టుకున్న మోర్స్ కీ.
ముప్ఫైయేళ్లు హెల్సింకీలో ట్రాము గంట
కాలితో కొట్టినదాన్ని,
వేలికి ఈ పని నేర్పడం కష్టం కాలేదు.

ముందు నా పిలుపు పేరు.
దాని పక్కన ఒక ఏటవాలు గీత.
ఆ తర్వాత చుక్క, గీత, గీత, చుక్క.
అంటే ఇంట్లో లేనని.
ఏడాదంతా ఆ ఏటవాలు గీత కోసమే
పప్పులూ బ్యాటరీలూ తూకం వేసుకుంటాను.

మొన్న అజోర్స్ దీవుల నుంచి ఒక పళ్ల డాక్టరు పలికాడు.
నిన్న తెల్లవారుజామున హొక్కైడో,
అక్కడ వానట, గొడుగు పట్టుకుని కొడుతున్నాడట,
తప్పులు మన్నించమన్నాడు.
సాయంత్రం ఆరింటికి మాత్రం
కెమిలో ఉన్న మా అన్న, ఉర్హో,
బస్సెక్కి రెండు కునుకులు తీస్తే వచ్చే ఊరు,
నాలుగు రోజులుగా వినిపించడు.
హెడ్‌ఫోన్ చెవికి అదిమి అదిమి
చెవే నొప్పి పెట్టింది.
నిలువు తీగకి దూరం మీదే చూపు.
దాని నెత్తిమీది ఆకాశం దానికే తెలియదు.

అయిదో రోజు రెయిన్‌డీర్ వచ్చింది.
ఎవరిదో, చెవికి యజమాని కోసిన గాట్లున్నాయి.
కొమ్ముల మీది మెత్తటి తోలు
ఎర్రగా పేలికలై వేలాడుతోంది.
దురదేమో పాపం,
నా కర్రకేసి రుద్దుకుంది.
మూడో కణుపు దగ్గర టక్‌మంది.
కొమ్మకు చిక్కాల్సిన తీగ
కొమ్ముకు చిక్కింది.
బెదిరి పరిగెత్తింది అది, వెనకే నేను, ఒక కాలికి చెప్పు లేకుండా.
తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు.
కదిలింది. బ్లూబెర్రీ పొదలు, ఒక పిట్టల గుంపు,
నా నోట్లోంచి ట్రాము రోజుల నాటి బూతులు.

తీగను వదిలిపెట్టి పోయింది, నయం.
వంకర్లు వేళ్లతో సాపు చేశాను.
నిలబెట్టడానికి ఏమీ లేదిక.
రెండు బర్చి చెట్ల మధ్య, భుజాల ఎత్తులో
బట్టలారేసుకునే దండెంలా కట్టాను.
పైన ఉండేదొక వైపు,
ఇన్నాళ్లూ నాచులో పడుకున్నది మరో వైపు,
మధ్యలో రేడియో.
సిగ్గేసింది చూస్తే.

అజోర్స్ లేదు. జపాన్ లేదు.
ఆరింటికి,
గది అవతల చెంచాతో గ్లాసు మీద కొట్టినంత దగ్గరగా
ఉర్హో.
ఆ గీతల్ని అవసరానికన్నా సాగదీయడం వాడొక్కడికే అలవాటు.

ఎత్తైన తీగ విసిరేస్తుంది.
ఈ దండెం తిన్నగా పైకి పంపితే
ఆకాశానికి తగిలి, వర్షంలా,
చుట్టుపక్కలే పడుతుంది.
ఇది వాడే నేర్పాడు నాకు, నలభై ఏళ్ల కింద,
వంటింటి బల్ల మీద ఉప్పు పోసి గీసి.
మర్చిపోయాను. దూరాలు దొరికాక మర్చిపోతాం.

గట్టిగా వినిపిస్తున్నావు ఔనే, అన్నాడు.
ఏం మార్చావు?
విరిగిన కర్ర వైపు చూశాను.
ఏం లేదు, కొట్టాను,
కాస్త దించానంతే.

కర్ర బాగుందా, అన్నాడు.
బ్యాటరీ అయిపోతోందన్నాను.

తీగకి అంటుకున్న బూడిదరంగు వెంట్రుకలు
తీయలేదు.